ఊరి దాకా చేరాల్సిన దానం: క్రిప్టో సమూహాల దాతృత్వం, దాని బలం, దాని హద్దు

దాత చేతి నుంచి బయలుదేరిన సొమ్ము అవసరమున్న మనిషికి చేరేలోగా ఎన్ని చేతులు మారుతుందో, ఎంత కాలం పడుతుందో, దారిలో ఎంత తరిగిపోతుందో తెలుసుకునే మార్గం దాతకు చాలాసార్లు ఉండదు. ఆ సొమ్ము ఎవరు పంపారో, ఎంత పంపారో, ఏ షరతుతో పంపారో అడిగే వీలు అందుకున్నవారికీ ఉండదు. ఈ రెండు అజ్ఞానాలను ఒకేసారి తొలగిస్తామన్న ఆశతో గత పదేళ్లకు పైగా ప్రపంచంలో ఒక కొత్త ప్రయోగం సాగుతోంది. ఒకరికొకరు ముఖపరిచయం లేని వేలమంది క్రిప్టో కరెన్సీ వాడకందారులు సమూహాలుగా ఏర్పడి, తమ డిజిటల్ నాణేలను బావుల తవ్వకానికి, టీకాలకు, యుద్ధ బాధితులకు, పసిపిల్లల ఆరోగ్యానికి దానం చేస్తున్నారు. ఆ ప్రయోగం సాధించిందేమిటి, సాధించలేనిదేమిటి అన్నది నారాయణఖేడ్ వంటి ప్రాంతం వైపు నుంచి చూసినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

హైదరాబాద్‌కు వాయవ్యంగా వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, కర్ణాటకలోని బీదర్ జిల్లాకు చేరువలో ఉన్న నారాయణఖేడ్, 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు వినిపించే ఈ సరిహద్దు నేల మీద తండాలు ఎక్కువ, వర్షాధార సేద్యం ఎక్కువ, చెరకు కోతలకూ నగరంలో కూలి పనులకూ సాగే వలసలు కూడా ఎక్కువే. దానం ఎంత గొప్ప సాంకేతికత మీద ప్రయాణించినా చివరికి చేరవలసింది ఇటువంటి ఊళ్లకే కాబట్టి, దాని విలువను కొలవవలసిన చోటు కూడా ఇదే.

అందరి దగ్గరా ఉండే లెక్కల పుస్తకం

క్రిప్టో కరెన్సీ అంటే ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ జారీ చేయని, గణితశాస్త్రపు గూఢలేఖన పద్ధతుల సాయంతో భద్రపరచిన డిజిటల్ నాణెం. సతోషీ నకమోటో అన్న మారుపేరుతో 2008 అక్టోబర్ 31న వెలువడిన ఒక పత్రం బిట్‌కాయిన్ ఆలోచనను ప్రతిపాదించగా, 2009 జనవరి 3న దాని తొలి లావాదేవీల దొంతర, అంటే తొలి 'బ్లాక్', తయారైంది. ఒక చీటీల బృందంలో లెక్కల పుస్తకం నిర్వాహకుడి దగ్గర ఒక్కటే ఉండకుండా ప్రతి సభ్యుడి దగ్గరా ఒక ప్రతి ఉండి, ఎవరు ఎప్పుడు ఎంత కట్టారో అందరి పుస్తకాల్లోనూ ఒకేసారి నమోదైతే, ఒక్కరు తమ ప్రతిలో అంకె దిద్దినా మిగతావారి ప్రతులు దానిని వెంటనే పట్టిస్తాయి. క్రిప్టో నాణేల లెక్కను నమోదు చేసే బ్లాక్‌చెయిన్, అంటే బ్లాకుల గొలుసు, పని చేసేది ఈ సూత్రం మీదనే. చీటీల లెక్కలను పారదర్శకంగా ఉంచేందుకు తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ 'టీ-చిట్స్' పేరిట ఈ సాంకేతికతనే వాడుకలోకి తెచ్చింది.

ప్రతి బ్లాక్‌లోనూ దానికి ముందున్న బ్లాక్ సారాంశం 'హ్యాష్' అనే సంకేతాల వరుసగా నిక్షిప్తమై ఉంటుంది. పాత బ్లాక్‌లో ఒక్క అక్షరం మారినా దాని హ్యాష్ పూర్తిగా మారిపోయి, తరువాతి బ్లాకులన్నిటితో పొంతన తప్పుతుంది కాబట్టి, జరిగిపోయిన లావాదేవీని చాటుగా మార్చడం దాదాపు అసాధ్యం. ప్రతి ఖాతాకూ రెండు తాళాలుంటాయి. అందరికీ తెలిసిన బహిరంగ తాళం నుంచి నాణేలు జమ చేయించుకునే చిరునామా తయారవుతుంది. యజమానికి మాత్రమే తెలిసిన రహస్య తాళం లేనిదే నాణేలు ఖర్చు కావు. 2015 జులై 30న మొదలైన ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ ఈ పుస్తకానికి మరో శక్తిని జోడించింది. 'స్మార్ట్ కాంట్రాక్ట్' అనే చిన్న ప్రోగ్రామును గొలుసులో నమోదు చేస్తే, ముందుగా రాసుకున్న షరతు నెరవేరినప్పుడు మాత్రమే సొమ్ము దానంతట అదే విడుదలవుతుంది. ఐదుగురిలో కనీసం ముగ్గురు తమ రహస్య తాళాలతో ఆమోదిస్తే తప్ప నిధి కదలని 'మల్టీ సిగ్నేచర్' ఏర్పాటు కూడా ఇటువంటిదే. సొమ్ము ఒక్కరి చేతిలో ఉండకూడదన్న సూత్రం దాతృత్వానికి ప్రాణం వంటిది కనుక, ఈ రెండు సాధనాలూ సేవారంగం దృష్టిని సహజంగానే ఆకర్షించాయి.

నాణెం చుట్టూ చేరిన దాతలు

2013 డిసెంబర్‌లో సరదాకు పుట్టిన డోజ్‌కాయిన్ చుట్టూ చేరిన వాడకందారులు, మరుసటి నెలలోనే జమైకా బాబ్‌స్లెడ్ జట్టు శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లడానికి విరాళాలు పోగుచేశారు. ఆ క్రీడలకే వెళ్లిన భారతీయ లూజ్ క్రీడాకారుడు శివ కేశవన్‌కూ అదే సమూహం అండగా నిలిచింది. 2014 మార్చిలో కెన్యాలోని తానా నది పరీవాహక ప్రాంతంలో నీటి వసతి కోసం మరో విడత నిధి సేకరించారు. ఇచ్చినవారిలో ఎక్కువమంది ఇచ్చింది చిల్లర మొత్తాలే అయినా, వేలమంది కలిసేసరికి అది లెక్కలోకి వచ్చే నిధి అయింది. 2017 డిసెంబర్‌లో పేరు చెప్పుకోని ఒక వ్యక్తి 'పైనాపిల్ ఫండ్' పేరిట 5,104 బిట్‌కాయిన్లను దానానికి కేటాయించి, 60 స్వచ్ఛంద సంస్థలకు సుమారు 5.5 కోట్ల డాలర్లు పంచారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఉక్రెయిన్ ప్రభుత్వం తన క్రిప్టో చిరునామాలను బహిరంగంగా ప్రకటించగా, బ్యాంకుల పనివేళలతో, దేశాల సరిహద్దులతో నిమిత్తం లేకుండా కోట్ల డాలర్లు చేరాయి.

ఈ ఉదంతాలు మనుషుల స్వభావం గురించి ఒక మంచి సంగతి చెబుతాయి. ఒకే నాణెం మీద నమ్మకముంచినవారు ఒకరినొకరు చూడకపోయినా తమను ఒక ఊరివారుగానే భావించుకుంటారు, ఆ ఊరికి మంచి పేరు రావాలని కోరుకుంటారు. నాణెం విలువ హఠాత్తుగా పెరిగినప్పుడు, ఊహించని సంపదలో కొంత భాగం పంచాలన్న కోరిక కూడా దానికి తోడవుతుంది.

2021 వేసవి నేర్పిన పాఠం

భారతదేశానికి సంబంధించి ఈ తరహా దాతృత్వానికి అతి పెద్ద ఉదాహరణ కోవిడ్ రెండో ఉద్ధృతి కాలంలో కనిపించింది. ఆక్సిజన్ కోసం, ఆసుపత్రి పడకల కోసం దేశమంతా అల్లాడుతున్న 2021 ఏప్రిల్ 24న, పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ వేదిక సహవ్యవస్థాపకుడు సందీప్ నైల్వాల్ 'క్రిప్టో రిలీఫ్' నిధిని ప్రారంభించారు. ఇథీరియం సహస్థాపకుడు వితాలిక్ బుటెరిన్ మే 12న ఆ నిధికి ఇథీరియం నాణేలైన ఈథర్లు 500తో పాటు 50 లక్షల కోట్లకు పైగా షిబా ఇను నాణేలను బదిలీ చేశారు. ఆనాటి మార్కెట్ ధర ప్రకారం వాటి విలువ వంద కోట్ల డాలర్లకు పైగా, అంటే ఏడు వేల కోట్ల రూపాయల పైచిలుకు.

అయితే ఆ అంకె వెనక ఒక శాస్త్రీయ సూక్ష్మం ఉంది. ఒక నాణెం చివరిసారి అమ్ముడైన ధరను మొత్తం నాణేల సంఖ్యతో గుణిస్తే వచ్చే లెక్క చేతికి వచ్చే సొమ్ము కాదు. కొనేవారు ఎందరున్నారు, ఎంత ధర దగ్గర ఎంత కొంటారు అన్నదాన్ని మార్కెట్ లోతు అంటారు. లోతు తక్కువగా ఉన్న మార్కెట్లోకి భారీ సరుకు దిగితే ప్రతి అమ్మకమూ తరువాతి అమ్మకపు ధరను కిందికి లాగుతుంది. బదిలీ వార్త తెలిసిన వెంటనే, అమ్మకం జరగకముందే షిబా ధర మూడో వంతుకు పైగా పడిపోయింది. అందుకే నిధి నిర్వాహకులు ఆ నాణేలను ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా అమ్మవలసి వచ్చింది. షిబా సృష్టికర్తలు మొత్తం నాణేలలో సగాన్ని అడగకుండానే బుటెరిన్ చిరునామాకు పంపి ఉండగా, ఆయన ఈ దానం తరువాత కొద్ది రోజులకే, తన దగ్గర మిగిలినవాటిలో 90 శాతాన్ని, అంటే 410 లక్షల కోట్ల నాణేలను, ఎవరూ వాడలేని చిరునామాకు పంపి శాశ్వతంగా చెలామణి నుంచి తొలగించారు.

నాణేలు డబ్బుగా మారిన తరువాత కూడా చిక్కు తీరలేదు. అత్యవసరం రోజులలో ఉంటే, విదేశీ దానాన్ని నిబంధనల మేరకు దేశంలోకి తెచ్చే పని నెలల లెక్కన సాగింది. ఈ నిధి నుంచి ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్‌కు అందిన 1.5 కోట్ల డాలర్ల సాయం టీకా కార్యక్రమానికి సుమారు 16 కోట్ల సిరంజీలు సమకూర్చడానికి ఉద్దేశించినది. ఇది నిస్సందేహంగా గొప్ప మేలు. మరోవైపు, 2022 జనవరిలో నిధి నుంచి 10 కోట్ల డాలర్లు తిరిగి బుటెరిన్ దగ్గరికే వెళ్లాయి. కోవిడ్ పరిశోధనకు ఆ సొమ్మును తాను మరింత వేగంగా ఖర్చు చేయగలనని ఆయన భావించారు. గొలుసు మీద నిమిషాల్లో వచ్చిన దానం నేల మీద అడుగు వేయడానికి ఎంత శ్రమపడిందో ఈ ఒక్క ఉదంతం చాలినంతగా చెబుతుంది.

హైదరాబాద్ చేరిన ఈథర్

తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ఉదాహరణ మొత్తంలో చాలా చిన్నది, తీరులో మాత్రం మరింత ఆలోచింపజేసేది. 2019 అక్టోబర్‌లో యునిసెఫ్ 'క్రిప్టో ఫండ్' నెలకొల్పి, బిట్‌కాయిన్, ఈథర్ నాణేలను అదే రూపంలో స్వీకరించి అదే రూపంలో పంచే పద్ధతిని మొదలుపెట్టింది. 2020 జూన్‌లో ఏడు దేశాలలోని ఎనిమిది అంకుర సంస్థలకు మొత్తం 125 ఈథర్లు పంపిణీ చేసింది. ఆనాటి ధరలో అవి ముప్పై వేల డాలర్లకు కాస్త తక్కువ. ఆ ఎనిమిదింటిలో రెండు హైదరాబాద్‌కు చెందినవి. నవజాత శిశువులలో ప్రాణాంతకమైన సెప్సిస్‌ను ముందుగా పసిగట్టే సాధనం కోసం కృషి చేస్తున్న అవ్యంత్ర ఒకటి కాగా, సరుకుల రవాణాను బ్లాక్‌చెయిన్ సాయంతో జాడ పట్టే స్టాట్విగ్ రెండోది. ఎనిమిది సంస్థలకూ నిధులు చేరడానికి ఇరవై నిమిషాల కన్నా తక్కువ సమయం, ఇరవై డాలర్ల కన్నా తక్కువ ఖర్చు పట్టాయని యునిసెఫ్ అప్పట్లో ప్రకటించింది.

పేదలకు చేరవలసిన బియ్యం ఎక్కడ బయలుదేరి ఎక్కడ ఆగి ఎక్కడ చేరిందో తెలుసుకోవడం స్టాట్విగ్ చేపట్టిన పని. సొమ్ము జాడను చూపగల సాంకేతికతనే సరుకు జాడను చూపడానికి కూడా వాడడం ఇందులోని విశేషం. ఇచ్చిన రూపాయి కంటే, ఆ రూపాయితో కొన్న గింజ ఎవరి ఇంటికి చేరిందన్నది పెద్ద ప్రశ్న కనుక, దాతృత్వంలో బ్లాక్‌చెయిన్‌కు నిజమైన భవిష్యత్తు ఈ దిశలోనే ఉందని చెప్పవచ్చు.

చట్టం చెప్పే మాట

ఇదంతా భారతదేశంలో ఏ మేరకు సాధ్యమన్నది చట్టాన్ని బట్టి ఉంటుంది. 2018 ఏప్రిల్ 6న బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలందించకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించగా, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2022 ఆర్థిక చట్టం ఈ నాణేలకు 'వర్చువల్ డిజిటల్ ఆస్తి' అని పేరుపెట్టి, వాటి బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను విధించింది. అదే ఏడాది జులై 1 నుంచి బదిలీ మొత్తంలో ఒక శాతాన్ని మూలంలోనే మినహాయించే నిబంధన అమలులోకి వచ్చింది. 2023 మార్చి 7న క్రిప్టో మార్పిడి సంస్థలను అక్రమ నగదు చెలామణి నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినవాటికే వర్తిస్తుంది కాబట్టి, నాణెం రూపంలో ఇచ్చే భారతీయ దాతకు ఆ ప్రయోజనం ఉండదు.

విదేశీ దానానికి మరో కట్టుబాటు ఉంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020 సెప్టెంబర్‌లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి పొందిన సంస్థ విదేశీ విరాళాన్ని మొదట న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే స్వీకరించాలి, దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతానికి మించకూడదు. నారాయణఖేడ్ ప్రాంతంలో పని చేసే ఒక చిన్న సంస్థకు సొంత అనుమతి లేకపోతే, పెద్ద సంస్థ ద్వారా విదేశీ విరాళం అందుకునే దారి ఈ సవరణతో మూసుకుపోయింది. దేశం లోపలి దానానికైతే 2016లో వచ్చిన యూపీఐ ద్వారా ఎంత చిన్న మొత్తమైనా క్షణాల్లో, దాదాపు ఖర్చు లేకుండా చేరుతుంది. అందువల్ల క్రిప్టో ప్రత్యేకంగా తెచ్చే మేలు సరిహద్దులు దాటే వేగంలో, ఖాతా బహిరంగతలో మాత్రమే ఉందని గుర్తించాలి.

చిన్న దాతకు పెద్ద బరువు

క్రిప్టో సమూహాలు ఆచరణలోకి తెచ్చిన ఆలోచనల్లో, నాణెం ఊసే లేకుండా కూడా పనికొచ్చేది ఒకటుంది. దాని పేరు క్వాడ్రాటిక్ ఫండింగ్, అంటే వర్గమూలాల ఆధారంగా ఉమ్మడి నిధిని పంచే పద్ధతి. 2018లో బుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వైల్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని గిట్‌కాయిన్ అనే నిధుల సేకరణ వేదిక 2019 నుంచి అమలు చేసింది. ప్రతి దాత ఇచ్చిన మొత్తానికి వర్గమూలం తీసి, వాటన్నిటినీ కూడి, ఆ కూడికను వర్గం చేస్తే ఒక పనికి దక్కవలసిన నిధుల నిష్పత్తి వస్తుంది. ఒక తండాలో మంచినీటి పనికి ఒకే ధనికుడు 100 రూపాయలు ఇచ్చాడనుకుంటే, 100కు వర్గమూలం 10, దాని వర్గం మళ్లీ 100. మరో తండాలో బడి పనికి వందమంది తలా ఒక రూపాయి ఇచ్చారనుకుంటే, వర్గమూలాల మొత్తం 100, దాని వర్గం 10,000. సేకరించిన సొమ్ము రెండు చోట్లా ఒకటే అయినా, ఉమ్మడి నిధి నుంచి రెండో పనికి ఎన్నో రెట్లు ఎక్కువ వాటా దక్కుతుంది. డబ్బు పరిమాణం కంటే కోరుకునే మనుషుల సంఖ్యకు బరువివ్వడం ఈ గణితంలోని న్యాయం.

దీనికి ఒక బలహీనత ఉంది. ఒకే మనిషి వంద దొంగ ఖాతాలు తెరిచి వందమందిలా నటిస్తే లెక్క తలకిందులవుతుంది. సాంకేతిక పరిభాషలో దీన్ని సిబిల్ దాడి అంటారు. ముఖాలు తెలియని అంతర్జాల సమూహాలకు ఇది ఎప్పటికీ తలనొప్పే. ఒకరినొకరు పేరుపేరునా ఎరిగిన ఊరికి మాత్రం ఈ బెడద దాదాపు లేదు. దూరపు సమూహాలకు లేనిది, చిన్న ఊళ్లకు సహజంగా ఉన్నది ఈ పరస్పర పరిచయమే.

గొలుసు చూడలేనిది, ఊరు చూడగలిగేది

బ్లాక్‌చెయిన్ తనలో నమోదైనదాన్ని మార్చనివ్వదు, కానీ నమోదైనది నిజమా కాదా అన్నది చెప్పలేదు. బోరు వేశామని ఎవరైనా రాస్తే ఆ మాట శాశ్వతంగా నిలుస్తుంది, బోరులో నీరు పడిందో లేదో గొలుసుకు తెలియదు. బయటి ప్రపంచపు సత్యాన్ని గొలుసులోకి నమ్మకంగా చేర్చడంలోని ఈ ఇబ్బందిని ఒరాకిల్ సమస్య అంటారు. ఎంత పదునైన గణితమూ దీన్ని పూర్తిగా తీర్చలేదు. చివరికి ఒక మనిషి వెళ్లి చూడాలి, ఆ మనిషిని నమ్మడానికి కారణం ఉండాలి.

ఆ కారణం ఎలా పుడుతుందో నారాయణఖేడ్‌కు పొరుగునే ఉన్న జహీరాబాద్ ప్రాంతం చూపించింది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పని చేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళల సంఘాలు, 1990ల మధ్యలో బీడు భూములను సాగులోకి తెచ్చి ఊరికొక ధాన్యనిధి నెలకొల్పాయి. సాగుకు అప్పు తీసుకున్న రైతులు దాన్ని జొన్నల రూపంలో తిరిగి చెల్లించగా, ఆ గింజలు ఊళ్లోనే నిల్వ అయి, పేద ఇళ్లకు తక్కువ ధరకు చేరాయి. ఎవరు ఎక్కువ పేదలో ఏ అధికారీ నిర్ణయించలేదు. ఊరి పటాన్ని నేల మీద గీసి, ఇంటింటి పరిస్థితిని అందరి ముందూ చర్చించి, ఊరివారే నిర్ణయించారు. ఎక్కువ ఆకలి ఉన్న ఇంటికి ఎక్కువ వాటా దక్కింది. ఈ సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహిరంగమైన ఖాతా, మార్చడానికి వీలులేని సాక్ష్యం, సమూహం ఆమోదంతోనే విడుదలయ్యే నిధి అనే మూడు లక్షణాలూ అక్కడ కంప్యూటరు లేకుండానే నెరవేరాయి. అక్కడ గొలుసులోని లంకెలు మనుషులే.

అందుచేత బ్లాక్‌చెయిన్‌నూ ఊరి సంఘాన్నీ పోటీదారులుగా చూడడం తగదు. దూరదేశంలోని దాత పంపిన సొమ్ము చట్టబద్ధమైన మార్గంలో రూపాయలుగా మారి, ఒక మండలంలోని మహిళా సమాఖ్య పనికి కేటాయించబడిందనుకుంటే, గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు, బడి ప్రధానోపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, తండా పెద్ద, సంస్థ ప్రతినిధి అనే ఐదుగురిలో ముగ్గురు ఆమోదిస్తేనే ప్రతి విడతా విడుదలయ్యే ఏర్పాటు సాంకేతికంగా ఈనాడే సాధ్యం. ఆ ఆమోదాన్ని గ్రామసభ ముందు చదివి వినిపిస్తే, దాతకు తెలిసిన లెక్క లబ్ధిదారుకూ తెలుస్తుంది. క్రిప్టో నాణేలు వాడే విద్యుత్ వల్ల కలిగే పర్యావరణ భారం గురించిన ఆందోళన కూడా కొంత తీరింది. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం తన ధ్రువీకరణ పద్ధతిని మార్చుకోవడంతో దాని విద్యుత్ వినియోగం 99 శాతానికి పైగా తగ్గింది. బిట్‌కాయిన్ మాత్రం భారీగా విద్యుత్తును వాడే పాత పద్ధతిలోనే నడుస్తోంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. క్రిప్టో పేరు చెప్పి, పెట్టిన సొమ్ము రెట్టింపవుతుందని ఆశ చూపే మోసగాళ్లు చిన్న పట్టణాలనూ పల్లెలనూ వదలడం లేదు. దానం కోసం పేద కుటుంబం నాణెం కొనవలసిన అవసరం, దాచవలసిన అవసరం ఎన్నడూ రాకూడదు. ధరల ఒడుదొడుకుల భారం దాత, మధ్యవర్తి సంస్థ భరించాలే తప్ప, రోజు కూలి మీద బతికే ఇంటి మీద పడకూడదు. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 సైబర్ సహాయ సంఖ్యకు ఫిర్యాదు చేయాలన్న సమాచారం ప్రతి సంఘం సమావేశంలోనూ వినబడాలి.

సొమ్మును వేగంగా, అందరి కళ్లముందూ కదిలించడం క్రిప్టో సమూహాలు నేర్పిన విద్య. సొమ్ము ఎవరికి చేరాలో కూర్చుని తేల్చుకోవడం, చేరిందో లేదో వెళ్లి చూసుకోవడం దక్కన్ పల్లెల మహిళా సంఘాలు ఎప్పుడో నేర్చుకున్న విద్య. మొదటి విద్యకు ప్రపంచంలో పెట్టుబడి ఉంది, పేరుంది. రెండో విద్యకు అటువంటి ఆదరణ ఇంకా దక్కవలసి ఉంది. దాతలు నాణేలతో పాటు తమ నమ్మకాన్ని కూడా ఊరి సంఘాలకు అప్పగించి, నిర్ణయాధికారంలో వాటికి సగం వాటా ఇచ్చినప్పుడే ఈ కొత్త దాతృత్వం తన మాట నిలబెట్టుకుంటుంది.